వైన్ లేని వైన్ క్లాసు

మా నిడదవోలులో 'వైన్స్' అని పెద్దక్షరాల బోర్డు పెట్టిన కొట్లో బ్రాందీ దొరుకుతుంది, విస్కీ దొరుకుతుంది, బీరు సరేసరి. వైన్ ఉందా అని అడిగితే మాత్రం కౌంటర్ వెనకాల కుర్రాడు మనల్ని ఎగాదిగా చూస్తాడు. 'ఎవరికండీ, ఆడవాళ్ళకా?' అంటాడు. నిరుడు నాకెదురైన ప్రశ్న అదే.

నేనడిగింది తాగడానికి కాదు లెండి. ఆదివారం పేజీలకి ఏదైనా కొత్తగా కావాలన్నారు ఆఫీసులో. 'మీ మామయ్య వైన్ గురించి పాఠాలు చెప్తారట కదా, ఆయన మీద రాయొచ్చుగా' అన్నారు మా ఇన్‌ఛార్జి. ఆయనకెవరు చెప్పారో ఏమిటో! డిప్లొమా పూర్తిచేసి ఈ ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ పూతరేకుల మీద రాశాను, పులస మీద రాశాను, తాటిముంజలు అమ్మే వాళ్ళ మీద కూడా రాశాను. సొంత మేనమామ మీద మాత్రం ఒక్క ముక్కా రాయలేదు. కారణం మా అమ్మ.

అమ్మకీ మామయ్యకీ మాటల్లేవు. ఇద్దరూ ఒకే ఊళ్ళో ఉంటారు. మధ్యలో పశ్చిమ డెల్టా కాలువ, దాని మీద ఓ వంతెన. పండక్కి నేను ఇంటికెళ్తే సాయంత్రం వంతెన దాటి మామయ్యని చూసి రావడం, రాగానే అమ్మ 'ఎక్కడికెళ్ళావు?' అనడం, నేను 'ఊరికే అలా నడిచొచ్చా' అనడం... ఇలా ఏళ్ళు గడిచాయి. అమ్మకి తెలుసు. తెలుసని నాకూ తెలుసు.

మా నాన్న రైసుమిల్లులో గుమస్తా. మంచివాడు. తాగేవాడు. ఈ రెండు వాక్యాలనీ 'కానీ'తో కలపాలని చిన్నప్పట్నుంచీ ప్రయత్నిస్తున్నాను, కుదరడం లేదు. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చినప్పుడు అమ్మ కొబ్బరికాయ కొట్టింది. 'ఇక ఆయన మారిపోతారు' అనుకుంది. మనకి యానాం ఉంది కదా! చుట్టూ ఆంధ్ర, మధ్యలో పుదుచ్చేరి ముక్క. అక్కడ నిషేధం లేదు. మా ఊరి నుంచి ఏదో ఒక పని పెట్టుకుని యానాం వెళ్ళేవాళ్ళు ఉన్నట్టుండి ఎక్కువయ్యారు. నాన్నక్కూడా అక్కడ పనులు పడ్డాయి. 1997లో నిషేధం ఎత్తేశాక ఆ బస్సు ఖర్చు మాత్రం మిగిలింది.

1999 సంక్రాంతికి మామయ్య బొంబాయి నుంచి వచ్చాడు. అప్పటికి అక్కడో పెద్ద హోటల్లో పనిచేస్తున్నాడు. అందరికీ ఏవో తెచ్చాడు. నాకు రిమోట్ కారు. అమ్మకి చీర. బావగారికి ఓ సీసా... ఎర్ర వైన్. నాకప్పుడు పదేళ్ళు. ఆ సీసా తెరవడం ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. మామయ్య దాన్ని తెల్ల తువ్వాల్లో పట్టుకుని, ముందు పేరు కనిపించేలా నాన్నకి చూపించి, మరమేకులాంటి దాన్ని బిరడాలోకి తిప్పి, చప్పుడు కాకుండా లాగాడు. ఇంట్లో గాజు గ్లాసులు లేవు. స్టీలు గ్లాసులో మూడోవంతు పోశాడు. నాన్న మూడు గుక్కల్లో తాగేసి, మిగతా సీసా కూడా గ్లాసులోకి వంపుకుని, 'ఇదేంట్రా బావమరిదీ, నేరేడుపళ్ళ కషాయంలా ఉంది, ఎక్కట్లేదు' అని నవ్వి, చొక్కా తగిలించుకుని బయటికెళ్ళాడు. ఆ రాత్రి ఆయన్ని ఇద్దరు మోసుకొచ్చారు.

మామయ్య తెచ్చిన సీసా వల్ల మా నాన్న తాగుబోతు కాలేదు. అమ్మకీ ఆ సంగతి తెలుసు. అయినా పండగపూట, దేవుడి గదికి నాలుగడుగుల దూరంలో, సొంత తమ్ముడు తన చేత్తో పోశాడు. 2003లో నాన్న పోయాక పదకొండో రోజున అమ్మ ఒక్క మాటే అంది. 'నువ్వు మా గుమ్మం తొక్కకు.' మామయ్య తొక్కలేదు.

ఇంతకీ మామయ్య వైన్‌లోకి ఎలా వెళ్ళాడన్నది చెప్పాలి.

1978లో ఇంటర్ తప్పాడు. నిడదవోలు జంక్షన్ కదా, మా ఊరి కుర్రాళ్ళకి పారిపోవడం తేలిక. అటు నరసాపురం బ్రాంచి లైను, ఇటు మద్రాసు, అటు కలకత్తా! మామయ్య సికింద్రాబాద్ మీదుగా బొంబాయి చేరాడు. హోటల్లో అంట్లు తోమే పని దొరికింది. రెండేళ్ళకి బల్లలు తుడిచే పని. తర్వాత వెయిటరు. ఆ ఊళ్ళో అప్పటికీ మద్యం తాగాలంటే పర్మిట్ కాగితం ఉండాలి. 1949 నాటి నిషేధ చట్టం తాలూకు అవశేషం. మహారాష్ట్రలో ఆ పర్మిట్ ముచ్చట ఇప్పటికీ ఉంది.

వైన్ వడ్డించే పని మామయ్యకి దక్కింది గోనెసంచి వల్ల. 'ఒరేయ్, నేను పైకొచ్చింది మీ నాన్న మిల్లు పుణ్యమే' అంటాడు. ఓ రాత్రి ఎవరో విదేశీ అతిథికి ఖరీదైన సీసా తెరిచారు. వడ్డించే పెద్దాయన వాసన చూసి బాగానే ఉందన్నాడు. పక్కన నీళ్ళు పోస్తున్న మామయ్యకి మాత్రం గప్పున తడిసిన గోనెసంచి కొట్టింది. వానాకాలం రైసుమిల్లు గోడౌన్లో ముక్కిన సంచుల వాసన. ఉండబట్టలేక లోపలికెళ్ళి మేనేజరుతో చెప్పాడు. అది చెడిపోయిన సీసాయే. వైన్ సీసాలకి వాడే బెరడు బిరడాల్లో ఒక్కోసారి టీసీఏ అనే పదార్థం తయారవుతుంది. అది చిటికెడు కూడా అక్కర్లేదు. సీసా సీసా అంతా తడి అట్టపెట్టె, పాత గోనె వాసన వేస్తుంది. ఆ రాత్రి నుంచి మేనేజరు ప్రతి సీసా తెరిచాక ముందు మామయ్య ముక్కు కింద పెట్టేవాడట.

తర్వాత ఓడల్లో ఏడేళ్ళు, మళ్ళీ బొంబాయి, చివరి పన్నెండేళ్ళు హైదరాబాద్‌లో కొత్తగా చేరే పిల్లలకి శిక్షణ. ఈ మధ్యలో మన దేశంలో వైన్ సంగతే మారిపోయింది. బెంగళూరు దగ్గర నంది కొండల పక్కన గ్రోవర్ వాళ్ళు 1988లో మొదలుపెట్టారు. నాసిక్‌లో రాజీవ్ సామంత్ సులా పెట్టాక అక్కడి ద్రాక్షతోటల రూపే మారింది. 2001లో దిగుమతుల మీద ఆంక్షలు తొలగాయి. హోటళ్ళకి వైన్ గురించి తెలిసినవాళ్ళు కావాల్సొచ్చారు. మామయ్యకి పని తెలుసు, కాగితం లేదు. అందుకని యాభై దాటాక పరీక్షకి కూర్చున్నాడు. లండన్‌లో 1969లో పెట్టిన వైన్ అండ్ స్పిరిట్ ఎడ్యుకేషన్ ట్రస్ట్ వాళ్ళ పరీక్షలవి. ముంబైలో రాశాడు.

మొదటిసారి తప్పాడు. కారణం వింటే నవ్వొస్తుంది. ఒక రకం తెల్ల వైన్, సావిన్యాన్ బ్లాంక్ అంటారు, అందులో గూస్‌బెర్రీ వాసన ఉంటుందని పుస్తకంలో ఉంది. మనకి చిన్నప్పుడు డిక్షనరీలో ఉసిరికాయకి ఏమని రాశారు? గూస్‌బెర్రీ అనే కదా! మామయ్య నెల రోజులు ఆ వైన్‌లో ఉసిరికాయ కోసం వెతికాడు. దొరకలేదు. ఇంగ్లండు వాళ్ళ గూస్‌బెర్రీ వేరే కాయట, ఉసిరితో దానికి చుట్టరికమే లేదు. 'వాళ్ళ పళ్ళు మనం తినలేదు, మన పళ్ళు వాళ్ళు తినలేదు. పరీక్ష మాత్రం వాళ్ళ పళ్ళలోనే రాయాలి' అని ఇప్పటికీ ఉక్రోషపడతాడు. రెండోసారి పాసయ్యాడు. ఈ చదువుల్లో అన్నిటికన్నా పైది 'మాస్టర్ ఆఫ్ వైన్'. మన దేశానికి ఆ పట్టం తొలిసారి తెచ్చింది సోనాల్ హాలండ్ అనే ఆవిడ, 2016లో. ఆ వార్త పేపర్లో వస్తే మామయ్య కత్తిరించి దాచుకున్నాడు.

2018లో రిటైరయి ఊరికొచ్చేశాడు. వారానికి రెండు రోజులు రాజమండ్రిలో ఓ చిన్న కేటరింగ్ కాలేజీలో క్లాసు. 'వచ్చి చూడు, రాసుకోవడానికి పనికొస్తుంది' అంటే వెళ్ళాను.

గదిలో ఇరవై మంది పిల్లలు. కొవ్వూరు, చాగల్లు, తాళ్ళపూడి, సీతానగరం నుంచి వచ్చేవాళ్ళు. ఒక్కొక్కరి ముందు నాలుగు గ్లాసులు. వైన్ అనుకుని నేను కెమెరా తీశాను. ఒక గ్లాసులో ఉన్నది టీ డికాక్షన్. ఇంకోదాంట్లో నిమ్మరసం నీళ్ళు. మూడోదాంట్లో అదే నిమ్మరసం, పంచదార కలిపి. నాలుగోది ఉత్త పంచదార నీళ్ళు.

'వైన్ ఏది మామయ్యా?'

'వీళ్ళకి పద్దెనిమిది, పందొమ్మిది. మన రాష్ట్రంలో ఇరవయ్యొకటి నిండాలి. చుక్క పోసినా నేను లోపలికే.'

అదీ సంగతి. వైన్ లేకుండా వైన్ పాఠం! తమాషాకి అనుకునేరు, కాదు. డికాక్షన్ తాగించి 'నాలిక మీద ఏమైంది?' అని అడిగాడు. 'ఆరిపోయినట్టుంది సార్', 'చిగుళ్ళు పట్టేసినట్టుంది సార్'. 'దాన్ని మీ అమ్మ ఏమంటుంది?' ఓ అమ్మాయి 'వగరు' అంది. మామయ్య మొహం వెలిగిపోయింది. ఎర్ర వైన్‌లో ఉండే టానిన్ అదే. ద్రాక్ష తొక్కలోంచి, గింజలోంచి వస్తుంది. ఇంగ్లీషు వాళ్ళకి దీన్ని రుచుల్లో ఎక్కడ పెట్టాలో తెలీక ఓ పేరా వివరణ రాస్తారు, మనకి షడ్రుచుల్లోనే కూర్చుని ఉంది. పచ్చి అరటికాయ, నేరేడు, మామిడి పిందె... 'ఉగాది పచ్చడి సరిగ్గా తిన్నవాడికి నేను కొత్తగా చెప్పేదేం లేదు' అన్నాడు.

నిమ్మరసం మింగాక నోట్లో నీళ్ళెంత ఊరాయో చూసుకోమన్నాడు. పులుపు ఎంతుందో చెప్పేది నాలిక కాదు, ఊరే లాలాజలమట. పంచదార కలిపిన నిమ్మనీళ్ళు తాగించి, 'పులుపు తగ్గిందా?' అన్నాడు. తగ్గిందన్నారు అందరూ. 'తగ్గలేదు, దాక్కుంది' అన్నాడు. రెండు గ్లాసుల్లోనూ నిమ్మచెక్క ఒక్కటే మరి.

ఆపైన పాత హార్లిక్స్ సీసాలు తీశాడు. కళ్ళకి గంతలు కట్టి వాసన చూపించాడు. మిరియాలు, లవంగాలు, దాల్చినచెక్క, తడి మట్టి, కిరోసిన్‌లో ముంచిన గుడ్డ. కిరోసిన్ ఎందుకంటే రీస్లింగ్ అనే జర్మనీ ద్రాక్ష వైన్ పాతబడితే ఆ వాసన వస్తుందట, దాన్ని మెచ్చుకుని డబ్బులిస్తారట! మిరియాల ముచ్చట ఇంకా బాగుంది. షిరాజ్ అనే ఎర్ర వైన్‌లో మిరియాల ఘాటు ఉంటుందని ఎన్నాళ్ళనుంచో అనేవారు. రోటండోన్ అనే పదార్థమే దానికి కారణమని, మిరియంలో ఉన్నదీ అదేనని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2008లో తేల్చారు. ఇక లవంగం, వెనిల్లా వాసనలు వైన్‌ని నిలవ ఉంచే ఓక్ చెక్క పీపాల్లోంచి వస్తాయి.

మన వంటకి ఏ వైన్ బాగుంటుందని మీరూ అడుగుతారని తెలుసు, నేనూ అడిగాను. కారానికి ఆల్కహాల్ తోడైతే మంట పెరుగుతుందట. వగరెక్కువున్న ఎర్ర వైన్ అయితే నోరు పోక్కిపోతుంది. కాస్త తీపి ఉన్న చల్లటి తెల్ల వైన్ అయితే ఫర్వాలేదట. 'మరి పులస పులుసుకి?' అన్నాను. 'మజ్జిగ' అన్నాడు.

మధ్యాహ్నం క్లాసు నన్ను పట్టేసింది. దాని పేరు 'పోయకపోవడం'. రంగునీళ్ళు నింపి బిరడా కొట్టిన సీసా ఒకటి. ఒక కుర్రాడు అతిథి, ఒకమ్మాయి వడ్డించేది. 750 మిల్లీలీటర్ల సీసా, గ్లాసుకి 150 చొప్పున ఐదు గ్లాసులు. లెక్క తప్పకూడదు. ఎవరు ఎన్ని తాగారో వడ్డించేవాళ్ళకి తెలిసుండాలి. మూడో గ్లాసు తర్వాత గొంతు పెరిగిందా? గ్లాసు పెట్టేటప్పుడు బల్ల అంచు వెతుక్కుంటున్నాడా? అన్నం ముట్టాడా? అతిథి కుర్రాడు బాగానే నటించాడు, వాళ్ళింట్లో ఎవర్ని చూసి నేర్చుకున్నాడో. 'ఇంకోటి పొయ్యి' అని గదమాయించాడు. ఆ అమ్మాయి బిక్కమొహం వేసింది. మామయ్య వెళ్ళి పక్కన నిలబడి, కొద్దిగా వంగి, తగ్గు స్వరంతో, 'వంట వేడిగా ఉందండి, ముందు రెండు ముద్దలు తినండి. నీళ్ళు తెప్పిస్తాను. బండి తాళం నాకివ్వండి, మనిషిని పంపిస్తాను' అన్నాడు. 'కాదు' అన్న మాట ఎక్కడా రాలేదు. సీసా మాత్రం అతిథికి అందనంత దూరం జరిగింది.

క్లాసు గోడకి డొక్కా సీతమ్మ గారి ఫొటో ఉంది. లంకల గన్నవరంలో వేళాపాళా లేకుండా వచ్చినవాళ్ళందరికీ వండి పెట్టిన తల్లి. 1909లో పోయారు. 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరు పెట్టారు. వైన్ క్లాసులో ఆవిడ ఫొటో ఏమిటని అడిగాను. 'పెట్టడం ఎవరి దగ్గర నేర్చుకోవాలి మరి?' అన్నాడు.

సాయంత్రం రోడ్డు కం రైలు వంతెన మీద బస్సులో వస్తూ, అడగకూడదనుకుంటూనే అడిగేశాను. 'ఆ పోయకపోవడం పాఠం పుస్తకంలో ఉందా?'

కాసేపు గోదావరి కేసి చూశాడు. 'పుస్తకంలో ఓ పేజీ ఉంది. నేనే రోజంతా చేశాను.' మళ్ళీ కాసేపటికి అన్నాడు. 'ఆ పండగ రోజు పొద్దున్నే మీ నాన్న కాఫీ తాగుతుంటే చేతులు వణికాయిరా. చూశాను. బల్ల దగ్గర కూర్చున్న మనిషి చేతులు చూడ్డమే నా ఉద్యోగం. పొద్దుటే వణుకుతున్నాయంటే ఏమిటో నాకు తెలుసు. అయినా సీసా తీశాను. బొంబాయి నుంచొచ్చానని, బిరడా ఎలా తీస్తానో చూపించాలని. అక్క కోపం ఊరికే రాలేదు.'

'నువ్వు పోయకపోయినా నాన్న...'

'ఆ మాట నువ్వనకు. ఇరవయ్యేళ్ళ నుంచి నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నా.'

నాకు తెలిసిన ఇంకో సంగతి ఆయనకి తెలీదు, చెప్పాను. నాన్న మానేయాలని చూశాడు. 2002లో తిమ్మరాజుపాలెం వెళ్ళి కోట సత్తెమ్మ తల్లి మీద ఒట్టేసి వచ్చాడు. రెండు రోజులు ముట్టలేదు. మూడో రోజు ఫిట్స్ వచ్చి వరండాలో పడిపోయాడు. ఆస్పత్రికి తీసుకెళ్తే తెలిసింది, రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే అలా అవుతుందని, డాక్టరు పర్యవేక్షణలో మాన్పించాలని. ఇంట్లో అలాంటివాళ్ళున్న పాఠకులెవరైనా ఉంటే ఇది గుర్తుంచుకోండి. ఒట్టు ఒక్కటే చాలదు. నాన్నకి ఆ తర్వాత మానాలంటే భయం పట్టుకుంది. అమ్మకి ఒట్టు తప్పినందుకే అలా అయ్యిందని అనుమానం. తప్పింది ఎవరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మామయ్య నిడదవోలు వచ్చేదాకా మాట్లాడలేదు. దిగబోతూ, 'నేనిప్పటికీ తాగుతాను, రాసేటప్పుడు దాచకు. రాత్రి భోజనంలో ఒక గ్లాసు, ఆదివారం మాత్రం. తాగనివాణ్ణని రాస్తే అబద్ధం' అన్నాడు.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. ఎక్కడికెళ్ళానో మొదటిసారి నిజం చెప్పాను. ఆవిడ చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు. డికాక్షన్ గురించి చెప్పాను, వగరు అన్న అమ్మాయి గురించి చెప్పాను. పోయకపోవడం పాఠం దగ్గర చెయ్యి ఆగింది.

'తాగనివ్వడా వాళ్ళని?'

'చుక్క కూడా లేదమ్మా క్లాసులో. ఒకవేళ పెద్దవాళ్ళకి చెప్పినా నోట్లో పోసుకుని ఉమ్మేయడమేనట. అదే పద్ధతి.'

'ఉమ్మేయడానికా అంత చదువు!' అంది. నవ్విందో లేదో చెప్పలేను, మొహం చేట మీదకి వంచి ఉంది. కాసేపయ్యాక, 'ఆ వాసన సీసాల్లో ఏమేం పెడతాడు?' అంది. చెప్పాను. మిరియాలు, లవంగాలు, దాల్చినచెక్క. లవంగాలు నాసిరకంవి, వాసన చచ్చిపోయింది, పిల్లలు గుర్తుపట్టలేకపోయారని కూడా చెప్పాను. అది నిజమే.

మర్నాడు నేను గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి బయల్దేరుతుంటే నా సంచిలో ఓ పొట్లం పెట్టింది. విప్పి చూస్తే లవంగాలు. తలలు విరగనివి, ఏరినవి.

'రైలుకింకా గంటన్నర ఉంది. వంతెన అవతల ఇచ్చేసి వెళ్ళు. నూనె తీసేసిన సరుకు కొనకుండా చూసి కొనుక్కోమను. గోరుతో నొక్కితే చెమ్మ తగలాలి. వాడికి చిన్నప్పట్నుంచీ బేరం తెలీదు.'

'నువ్విచ్చావని చెప్పనా?'

'లవంగాలని చెప్పు' అంది.